పిట్టను కొట్టని తుపాకీ

1882 తొలి నెలల్లో ఇటలీలోని నేపుల్స్ పక్కన, పొసిలిపో తీరంలో ఒక పెద్దమనిషి తుపాకీ భుజాన ఆనించి సీగల్ పక్షులకు గురిపెడుతుండేవాడు. మీట నొక్కేవాడు. చప్పుడు లేదు, పొగ లేదు, పిట్ట పడేదీ లేదు. అయినా పని అయిపోయినట్టు తృప్తిగా ఇంటిదారి పట్టేవాడు. చూసినవాళ్లు ఆయనకు 'పొసిలిపో వెర్రివాడు' అని పేరు పెట్టారని చెబుతారు.

ఆ వెర్రివాడి పేరు ఎటియెన్-జూల్ మారే. పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. గుండె కొట్టుకోవడం, కండరం బిగుసుకోవడం లాంటి కంటికి ఆనని కదలికలను కాగితం మీద గీతలుగా రాబట్టడం ఆయన విద్య. పావురాలకు పరికరాలు తగిలించి రెక్క ఆడే తీరును కూడా అలాగే గీయించాడు. కానీ మోత మోసే పావురం ఎగురుడు వేరు, స్వేచ్ఛగా తిరిగే పిట్ట ఎగురుడు వేరు. 1878లో మైబ్రిడ్జ్ తీసిన పరిగెత్తే గుర్రం ఫొటోలు చూశాక మారే మనసు కెమెరా మీదికి మళ్లింది. అయితే గుర్రం మనం గీసిన బాట మీద, వరసగా పెట్టిన కెమెరాల ముందు పరిగెడుతుంది. సీగల్ మన బాట మీద ఎగరదు. అందుకే కెమెరాయే దాని వెంట తిరగాలి. వెంట తిరిగే పనిముట్టు వేటగాడి చేతిలో ఎప్పటినుంచో ఉంది.

ఆ తుపాకీ లోపలి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. గొట్టంలో తూటాకు బదులు లెన్సు. మీట దగ్గర గుండ్రటి డబ్బా, అందులో కీ ఇస్తే తిరిగే గడియారపు చక్రాలు. వాటికి బిగించిన నల్లటి బిళ్ల సెకనుకు 12 చుట్లు తిరుగుతుంది. బిళ్లకు ఒకేఒక సన్నని చీలిక. అది లెన్సు ఎదుటికి వచ్చిన ప్రతిసారీ సెకనులో 720వ వంతు సేపు వెలుతురు లోపలికి దూరుతుంది. అసలు తిప్పలంతా వెనకున్న, బొమ్మ పడే ప్లేటుతోనే. అది ఆగకుండా తిరిగితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని వెలుతురు పడే క్షణంలో కదలకుండా నిలబడి, చీకటి కాగానే ఒక గడి జరిగి, మళ్లీ ఆగాలి. సెకనులో 12 సార్లు ఆగడం, 12 సార్లు కదలడం. ఇంత జరిగినా గురి చెదరకూడదు, ఎందుకంటే అవతల ఉన్నది కొండ కాదు, పిట్ట.

ఫలితంగా వచ్చినవి తపాలా బిళ్లలంత బొమ్మలు, అవీ నల్లటి నీడలే. వాటిని పెద్దవి చేసి చూసి మారే ఒక లెక్క తేల్చాడు. ఆ సీగల్ సెకనుకు సరిగ్గా మూడుసార్లు రెక్క కొడుతోంది. కాబట్టి 12 బొమ్మల్లో నాలుగే భంగిమలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇంకెవరైనా అయితే ఈ లెక్కతో సంబరపడి ఆగేవారేమో. మారేకు అందులో లోటే కనబడింది. ఒక్క రెక్క ఆడింపుకు నాలుగు బొమ్మలంటే, వాటి నడుమ జరిగిందంతా జారిపోయినట్టే.

అందుకే తుపాకీ పక్కన పెట్టి దారి మార్చాడు. పారిస్ అంచున, బోయ్ ద బులోన్ దగ్గర ఏర్పడిన పరిశోధన కేంద్రంలో లోతైన కొట్టం కట్టించి, దాని వెనక గోడను నల్ల మఖమలుతో కప్పించాడు. ఎండలో తెల్లటి పిట్ట ఆ నలుపు ముందు నుంచి ఎగురుతుంది. నలుపు ప్లేటుకు ఏమీ అంటించదు. కనుక ప్లేటును కదపనక్కర్లేదు, ఒకే ప్లేటు మీద ఎన్నిసార్లు వెలుతురు పడినా పిట్ట బొమ్మ మాత్రమే పడుతుంది, ప్రతిసారీ కాస్త ముందుకు జరిగి. షట్టరు చీలికలు ఎన్ని పెంచితే అన్ని బొమ్మలు. కానీ పెంచేకొద్దీ అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ముద్దవుతాయి. తక్కువైతే వివరం పోతుంది, ఎక్కువైతే స్పష్టత పోతుంది. ఈ రెంటి నడుమ తూకం పట్టడంలోనే ఆయన చేతి నేర్పు ఉంది.

పక్క నుంచి తీస్తే ఇంకో చిక్కు. రెక్క దిగేటప్పుడు కిందికే కాదు, ముందుకూ సాగుతుంది. పైకి లేచేటప్పుడు మణికట్టు దగ్గర మడుచుకుంటుంది. ఇదంతా ఒక్క వైపు నుంచి అందదు. అందుకే పక్క నుంచి, ఎదుటి నుంచి, పై నుంచి ఫొటోలు తీసి, మూడింటినీ కలిపి 1887లో కంచు శిల్పం పోయించాడు. వరసగా సాగే సీగల్ భంగిమలు అందులో ఒకదాన్నొకటి ఒరుసుకుని చీర కుచ్చిళ్లలా నిలుస్తాయి. ఒక పిట్ట తోక ఎక్కడ ముగిసిందో, తర్వాతి పిట్ట రెక్క ఎక్కడ మొదలైందో విడదీయలేం. ప్లేటు మీద చిక్కనిపించిన అతుకే కంచులో అందమైంది.  పది భంగిమలను విడివిడి బొమ్మలుగా కూడా చేయించి, గుండ్రంగా తిరిగే పెట్టెలో అమర్చాడు. చీలికల్లోంచి చూస్తే విడదీసిన ఎగురుడు మళ్లీ ఒక్కటై కదులుతుంది.

చలికాలంలో విశాఖ ఫిషింగ్ హార్బరులో పడవల వెంటపడే సీగల్స్‌ను నేనూ తీస్తుంటాను. నా కెమెరా సెకనుకు 20 ఫొటోలు తీస్తుంది. ఇంటికొచ్చి కన్ను మెరుస్తూ, రెక్కలు బారజాపి ఉన్న ఒక్కటి ఉంచుకుని, తక్కిన పంతొమ్మిదీ డిలీట్ చేస్తాను. మారే బొమ్మల్లో కన్ను కనబడదు, ఈకలు లెక్కకు అందవు. కానీ నేను పారేసిన ఆ పంతొమ్మిదే ఆయనకు కావలసినవి. ఈమధ్య డిలీట్ నొక్కేముందు వాటిని ఒకసారి వరసగా తిప్పి చూస్తున్నాను.