ఒకటో తరగతి మాస్టారి పనితనం

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో దాధాపారా దాటితే చకర్‌భాటా స్టేషన్ వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇక్కడి తెలుగు పిల్లవాడు బడిలో హిందీ బారాఖడీ వల్లిస్తాడు, ఇంట్లో పెద్దలుంటే తెలుగు గుణింతం దిద్దుతాడు. రెంటి పద్ధతీ ఒకటే కాబట్టి రెండోది తేలికగా వచ్చేస్తుందనుకుంటాం. కానీ హిందీ గుణింతంలో హ్రస్వమైన ఎత్వం, ఒత్వం లేవు. అందుకే వాడు ‘కొడుకు’ దగ్గర తడబడతాడు. హిందీలో సగం అక్షరం పక్కన చేరుతుంది, మనకు వత్తు కిందికి దిగుతుంది. ఈ రెండు చోట్లా ఆగి, పిల్లవాడి చూపు ఎటు పోతోందో గమనించేవారే చదవడం నేర్పగలరు.

ఇరవై ముప్పై ఏళ్లు ఒకటో తరగతికే అంటిపెట్టుకున్న మాస్టార్లకు ఇది చేతివిద్య. ‘కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి’ అని వల్లె వేయించడం వట్టి బట్టీ కాదు. ఒక హల్లుకు సూత్రం పట్టుబడితే మిగతా హల్లులకూ పిల్లవాడే చేర్చుకుంటాడు. సూత్రం తప్పే చోట్లు కూడా అనుభవజ్ఞులకు ముందే తెలుసు. ‘కు’లో పక్కన నిలిచిన కొమ్ము ‘పు’లో కిందికి వస్తుంది. ‘మొ’, ‘యొ’ల తీరే వేరు. మ, య ఒకే రోజు నేర్పరు. మొదటిది చేతికి స్థిరపడ్డాకే రెండోది. పిల్లవాడు పేజీని గుర్తుపెట్టుకుని అప్పజెబుతున్నాడని అనుమానం వస్తే పలక మీద ‘తల’ను తిప్పి ‘లత’ అని రాస్తారు. నిజం అప్పుడే బయటపడుతుంది.

ఈ విద్యకు పాత చరిత్ర ఉంది. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి.కాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు లెక్కపెట్టాడు, వాటిలో 226 తెలుగువి. వేలితో ఇసుకలో దిద్దడాన్ని, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడాన్ని మెచ్చుకున్నాడు. అప్పటికే ఆండ్రూ బెల్ మద్రాసు అనాథాశ్రమ బడిలో ఈ తీరునే అమలుచేసి, 1797లో దానిపై పుస్తకం వేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులో పాకింది. అయితే కాంప్‌బెల్ ఒక లోపం కూడా ఎత్తిచూపాడు: పిల్లలు వల్లించే కావ్యభాష వాళ్లకు అర్థం కాదు. ఆ మాట నిజం. మన బడి గొప్పతనం చెప్పుకునేవాళ్లు దీన్ని దాచకూడదు.

ఆ లోపాన్ని సూటిగా ఎదుర్కొన్నవాడు గిడుగు వెంకట రామమూర్తి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో కింది తరగతి పంతులుగా చేరి, ముప్పై ఏళ్లు అక్కడి విద్యాసంస్థల్లోనే పనిచేశారు. సవర గిరిజన పిల్లల కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో ఆ భాషకు వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. పిల్లవాడి నోట ఉన్న మాటే పలక మీదికి రావాలన్నది ఆయన పట్టుదల. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ను తలచుకుంటాం గానీ, నా దృష్టిలో ఆ ఉద్యమానికి వేరు ఈ బడిపంతులు పనిలోనే ఉంది. చకర్‌భాటాలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ హిందీ వాచకం పట్టుకున్న పిల్లకైనా, తెలుగు ఇంటి పిల్లకైనా ఇప్పటికీ ఆ అవసరమే.

2024 అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. అంతకుముందు కంటే మెరుగేనంటున్నారు. నాకు మాత్రం మిగిలిన పిల్లలే కళ్లముందు మెదులుతున్నారు. చాలా బడుల్లో కొత్తగా చేరినవారిని ఒకటో తరగతికి పంపి, అనుభవం పండినవారిని పై తరగతులకు తీసుకుంటారు. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: ఈసారి తరగతులు పంచేటప్పుడు బడిలో అందరికంటే అనుభవమున్న టీచరును ఒకటో తరగతికి వేయండి.