గాలి తీసే చేయి

గజపతినగరం మీదుగా సాలూరుకి, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్‌కి పోయే లారీల్లో పాత టాటాలూ లేలాండ్లూ ఇంకా కనిపిస్తాయి. లోడు మీద అలాంటి బండి పికప్ పోయి ఆగిపోతే, రోడ్డు పక్క మెకానిక్ పని చూసి తీరాలి. ఆయన ముందే ఇంజెక్షన్ పంపు విప్పడు. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి పంపు టకటకా కొడతాడు. నురగొస్తే గాలి పట్టినట్టే. డీజిల్ ధార తెగకుండా వచ్చాకే స్క్రూ బిగిస్తాడు. గాలి మళ్లీ మళ్లీ పడుతుంటేనే అసలు చిక్కు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే పైపులో వెంట్రుకంత పగులున్నా, ఇంజన్ నడుస్తుండగా బయటికి చుక్క కారకపోవచ్చు, లోపలికి మాత్రం గాలి పోతూనే ఉంటుంది. అందుకే ఆ పైపు తప్పించి, శుభ్రమైన డీజిల్ డబ్బాలోంచి నేరుగా ఇంజన్‌కి తాగిస్తాడు. బాగా నడిచిందంటే, "పైపే బాబూ, పంపు జోలికెళ్లక్కర్లేదు" అంటాడు. ఆ ఒక్క మాటతో ఓనరుకి ఎంత ఖర్చు తప్పిందో! నాకు మరీ ఇష్టమైనది నాజిళ్ల పరీక్ష. నడుస్తున్న ఇంజన్ మీద గుడ్డ అడ్డం పెట్టి, ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తూ చెవి ఒగ్గుతాడు. శబ్దం పడిపోతే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు. తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. నాజిళ్లన్నీ విప్పడు, ఆ ఒక్క నాజిలే టెస్టింగుకి పంపుతాడు.