చాట ముందర అవ్వ

ధనుర్మాసం వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంతలన్నీ అనపకాయల వాసనే. మంచు తాగిన కాయకే ఆ వాసన ఉంటుంది. వొలిస్తే వేళ్ళకు జిడ్డు పట్టుకుంటుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. మామూలు రోజుల్లో గింజలు వొలిచి సంగటిలోకి పులుసు పెట్టుకుంటాం. పండగకు మాత్రం పితుకుపప్పే. వొలిచిన గింజల్ని రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి. తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు చాటలో పడుతుంది. గట్టిగా నొక్కితే పప్పు రెండు బద్దలవుతుంది, మెల్లగా నొక్కితే తోలు ఊడదు. ఇంటిల్లిపాదికీ సరిపోను పితకాలంటే ఒక పూట పడుతుంది. ఆ పూట కోసం నేను ఏడాదంతా కాచుకొని ఉంటాను. మా అవ్వ నోరు విప్పేది అప్పుడే.

ఊరికే కూర్చోబెట్టి "నీ చిన్నప్పటి సంగతులు చెప్పవ్వా" అంటే, "ఏముంది పాపా చెప్పేదానికి? చేనికి పొయ్యేది, వచ్చేది, తినేది, పడుకునేది" అని తేల్చేస్తుంది. ఎదురుగా ఫోను పెట్టి రికార్డు నొక్కితే ఆ నాలుగు మాటలూ రావు. కొంగు సర్దుకొని, ఫొటో తీయించుకునే మనిషి మాదిరి బిగుసుకుపోతుంది. అదే ముందర చాట పెట్టి, నేనూ గుప్పెడు గింజలు తీసుకొని పక్కన చేరితే, ఎవరూ అడక్కుండానే మొదలుపెడుతుంది. చేతికి పని ఉంది, చూపు చాటలో ఉంది, నా మొహం చూసి చెప్పాల్సిన అవసరం లేదు. పెద్దవాళ్ళ మాటలు రాసిపెట్టుకోవాలని ఈమధ్య చాలామంది పిల్లలు తాపత్రయపడుతున్నారు, సంతోషం. ప్రశ్నలు రాసుకొని మరీ పోతున్నారు. ఆ కాగితం జేబులో పెట్టుకొని, అక్కడ ఏ పని జరుగుతుంటే ఆ పనిలో ముందు ఒక చెయ్యి వేయమని వాళ్ళకు నా మనవి.

అవ్వ పుట్టింది పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య ఉన్న పల్లెలో. మెట్టింది మదనపల్లె పక్కన. ఆమె చెల్లెల్ని కుప్పం వైపు ఇచ్చారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీను, కుప్పం కంగుంది జమీందార్ల కింద ఊరు. సర్కారు హద్దులు ఎట్లా ఉన్నా పిల్లనివ్వడాలూ పుచ్చుకోవడాలూ ఆగలేదు. మా ఇంట్లో ఈనాటికీ ఒకే మాటలో అరవమూ కన్నడమూ కలిసి వినిపిస్తాయి.

అవ్వకు ఏళ్ళు అంకెల్లో తెలియవు. జమీను పోయిన ఏడు, గంజి పోసిన ఏడు, సూదులోళ్ళు వచ్చిన ఏడు, ఇదీ ఆమె లెక్క. నేను పుస్తకాలు తిరగేసి వాటికి అంకెలు వెతుక్కుంటాను. జమీన్లను రద్దు చేసిన మద్రాసు చట్టం 1948 నాటిది. సీమ కరువుకు గంజి కేంద్రాలు నడిచింది, బావులు లోతు చేయడానికి సైన్యం దిగింది 1952లో, రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. పుస్తకాల్లో దొరికే కరువు అంతవరకే. అవ్వ కరువు వేరే.

"వాన ల్యాక రాగి ఎండిపాయె. అనప మాత్రం మంచుకు నాలుగు కాయలు కాసింది. మాయమ్మ గింజలు మాకు పెట్టి, తోలు ఉడకబెట్టి ఆవుకు పెట్టేది. ఒగోనాడు ఆ తోలు నీళ్ళే తాను తాగేది. మేం చూడకుండా తాగేది."

ఈ మాట అంటున్నప్పుడు కూడా ఆమె వేళ్ళు ఆగలేదు. పితికిన తోళ్ళను ఆమె ఎప్పుడూ చెత్తలో వేయనివ్వదు. ఒక తట్టలోకి ఎత్తిపెట్టి, పక్కింటి ఆవుకు పంపిస్తుంది. ఎందుకో ఆ రోజు తెలిసింది.

వాళ్ళింట్లో ఉండింది పుంగనూరు ఆవే. మూడడుగుల ఎత్తు, చిన్న కొమ్ములు. పాలిచ్చేది కొంచెమే గానీ ఆ పాలలో వెన్న మామూలు ఆవు పాలకు రెట్టింపు. ఎండుగడ్డితో, గట్ల మీద దొరికినదానితో కాలం వెళ్ళదీస్తుంది కాబట్టే కరువు ఇంట్లో అది బతికింది. సంకరజాతి ఆవులు వచ్చాక ఈ జాతి కనుమరుగయ్యే దాకా పోయింది, పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయి. అవ్వకు చూపిస్తే చాలాసేపు చూసి, "దూడకు కడుపునిండా ఇడుస్తారా?" అని అడిగింది.

ఆమె ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంది. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి మొదలైంది, డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ నిలబెట్టింది. మన దేశంలో బి.సి.జి. టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే, 1948 ఆగస్టులో. తరవాత చుట్టుపక్కల పల్లెలకు జట్లు వచ్చాయి. పిల్లకాయలంతా గడ్డివాము వెనక దాక్కుంటే, అవ్వను వాళ్ళ నాయన చంకనేసుకొని పోయి సూది ముందర కూర్చోబెట్టాడు. "మా చిన్నాయన దగ్గి దగ్గి పోయినాడు గదా. ఆ బయం మా నాయినకి."

ఆ నాయనే బోయకొండ గంగమ్మకు మొక్కుకున్నాడు. చౌడేపల్లె దగ్గరి ఆ కొండ మా మూడు ఊళ్ళకూ కొండంత అండ. అమ్మవారి శిరసు మీద పూలు పెట్టి, మనసులో కోరిక తలుచుకొని నిలబడతారు. పువ్వు కుడి పక్క రాలితే పని అవుతుంది, ఎడమ పక్క రాలితే ఇంకా ఆగాలి. అక్కడి తీర్థం తెచ్చి పురుగు పట్టిన చేలల్లో చల్లుతారు. సూదినీ మొక్కునీ ఎదురెదురుగా నిలబెట్టి వాదించేవాళ్ళను నేను చాలామందిని చూశాను. పిల్ల బతకాలని చూసిన ఆ తండ్రికి రెండు తలుపులు కనిపించాయి, రెండూ తట్టాడు. ఆయన్ని మూఢుడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

అవ్వకు చదువు రాదు. భారతం మాత్రం పర్వాలకు పర్వాలు చెబుతుంది. అదంతా ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజుల ఉత్సవంలో, మధ్యాహ్నం హరికథలో, రాత్రి వీధినాటకంలో విన్నది. అర్జునుడి వేషగాడు ఆకాశమంత తపసుమాను ఎక్కుతుంటే, బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాష్టాంగపడతారు. "మాయమ్మ అట్ల పడుకుంటే పుట్టినదాన్ని నేను" అని అవ్వ చెప్పేటప్పుడు గొంతులో ఒక ధీమా ఉంటుంది. అది ఏ రికార్డులోకీ ఎక్కదు.

మొన్న పితుకుతుండగా కుప్పం నుంచి చిన్నవ్వ ఫోను చేసింది. స్పీకర్లో పెట్టాను. అక్కడా చాట ముందరే కూర్చునుందట. బోయకొండ మాట వచ్చింది.

"నీకు జరం వచ్చి కండ్లు తెరవకపోతే నాయిన పువ్వు అడగలేదా, కుడి పక్క పడలేదా?" అంది అవ్వ.

"నాకు జరమెప్పుడొచ్చింది అక్కా? ఆవు తప్పిపోతే అడిగినాడు. ఎడం పక్క పడింది. నాయిన గుడి మెట్ల మీదే కూలబడి ఏడ్చినాడు, నేను పక్కనే ఉండాను. ఆవు మళ్ళా దొరికింది, అది వేరే సంగతి."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. నాయన ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదట. "నాతో ఎందుకు చెప్పలేదు మే?" అని అడిగింది. "నువ్వు అడిగింటే గదా" అంది చిన్నవ్వ.

ఇద్దరు చెప్పిందీ ఎవరి మాట వాళ్ళ పేరు కింద రాసిపెట్టాను. పండగకు చిన్నవ్వ మదనపల్లె వస్తోంది. ఇద్దర్నీ ఒకే చాట దగ్గర కూర్చోబెట్టాలని ఇంకో మూడు కిలోల కాయలు తెచ్చి ఉంచాను.