కొడుకు పెండ్లి ముందు, తండ్రి పెండ్లి తర్వాత

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’లో అక్కినేని నాగేశ్వరరావు అభిమన్యుడు. 1963 జనవరిలో వచ్చిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో ఆయనే అర్జునుడు. కొడుకు వేషం కట్టిన ఆరేళ్ళకు తండ్రి వేషం కట్టాడు. రెండింటిలోనూ కృష్ణుడు ఎన్టీ రామారావే. రెండింటికీ రాత పింగళి నాగేంద్రరావుది, దర్శకత్వం మా తాడిపత్రి బిడ్డ కె.వి. రెడ్డిది, అంటే కదిరి వెంకటరెడ్డిది. మొదటిది శశిరేఖాభిమన్యుల ప్రేమ, రెండోది అంతకు ఒక తరం వెనక సుభద్రార్జునుల ప్రేమ. ‘రెండో భాగం’ అని పోస్టరు మీద వేసుకోలేదు గానీ, తెలుగులో ప్రేమహాస్యానికి కొనసాగింపు ఎలా ఉండాలో నేర్పిన జంట ఇదే. మరి రెండోది మొదటిదానికి సాటి వస్తుందా? సుభద్ర మెడలో తాళి పడేదాకా వస్తుందని గట్టిగా అంటాను. ఆ తర్వాతి సంగతి తర్వాత చెప్తాను.

ముందు ‘మాయాబజార్’లో పనితనం చూడాలి. ప్రియదర్శిని పెట్టె మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, ఆమె తల్లి రేవతికి నగలు, తండ్రి బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడికేమో శకుని! పెట్టె చేతులు మారినంతసేపట్లో ఇంటిల్లిపాది స్వభావమూ బయటపడింది, రాబోయే తగాదా అంతా మన ముందు పరిచినట్టయింది. ఇంకొకరైతే దీనికి నాలుగు సీన్లు రాసుకుంటారు. పాండవుల ఇంటి కథ అయివుండి పాండవుల్లో ఒక్కరినీ తెర మీదికి తేకుండా సినిమా ముగించిన ధైర్యం ఇంకెవరికి వస్తుంది? ధర్మరాజు కష్టం చూపిస్తే పెండ్లి సందడి చప్పబడిపోతుందని కె.వి. రెడ్డికి తెలుసు.

ఇక సావిత్రి. శశిరేఖగా ఆమె, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా కూడా ఆమే. చుట్టూ మనుషులున్నప్పుడు తల వంచుకున్న పెండ్లికూతురు. ఎవరూ చూడనప్పుడు భుజం విరుపు, మీసం లేని చోట మీసం ఉన్నట్టు ఠీవి. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు నడకను అంత సుకుమారమైన ఒంట్లోకి దించి, మరుక్షణం చెరిపేసి, మళ్ళీ దించింది. ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు ఏ క్షణంలో జరిగిందో పట్టుకోలేం. పెండ్లిపీటల మీద ఆ పాదం కింద కాలు నలిగిన పెండ్లికొడుకు రేలంగి ముఖం చూడండి. తొక్కుతున్నది ఎవరో మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. నవ్వంతా ఆ తేడాలోనే ఉంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ స్టూడియోలో దీపాలతో కాయించిన వెన్నెల గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది!

కె.వి. రెడ్డి సీన్లను స్టాప్‌వాచీ పెట్టి రిహార్సల్ చేయించేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పారు. స్క్రిప్టు కుదిరాక అందులో మాట మారడానికి వీల్లేదట. అప్పట్లో ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్నది సింగీతం శ్రీనివాసరావు. ఆ క్రమశిక్షణ ఫలం సింగీతం సినిమాల్లోనూ కనబడుతుంది.

‘మాయాబజార్’ కథ మా అనంతపురం కరువునేలకు ఎందుకంత దగ్గరో కూడా చెప్పాలి. రాజస్థాన్ ఎడారి తర్వాత వాన తక్కువ పడేది మాకేనంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదును తప్పి. చెనక్కాయ పంట పోయిన ఏడు మాట ఇచ్చుకున్న సంబంధం తప్పిపోవడం, పంట పండిన ఇంటికి ఆ పిల్ల పోవడం మావైపు ఊరూరా తెలిసిన కథ. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారని తెలియగానే రేవతి ముఖం మారుతుందే, అది ద్వారకలో జరిగింది కాదు, మా పక్కింట్లో జరిగింది. ఆ చేదు మీద ఇంత నవ్వును నిలబెట్టినవాడు ఈ జిల్లాలోనే పుట్టాడంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు 1963. బలరాముడు అప్పుడు కూతుర్ని దుర్యోధనుడి కొడుక్కి ఇవ్వబోయాడు; ఇక్కడ చెల్లెల్ని దుర్యోధనుడికే ఇవ్వబోతాడు. మనిషి మారలేదు, ఎందుకంటే వయసులో ఇదే ముందు. చూసినవాళ్ళకు ‘ఈయన మొదట్నుంచీ ఇంతే’ అనిపిస్తుంది. కొనసాగింపు అంటే నేననేది ఇదే. పాత జోకును మళ్ళీ చెప్పకుండా, ఆ జోకు పుట్టిన స్వభావాన్ని ఇంకో సందర్భంలో నిలబెట్టాలి. సుభద్ర కోసం అర్జునుడు దొంగ సన్యాసి అవుతాడు. ఆ సన్యాసిని ఇంటికి పిలిచి, సేవకు చెల్లెల్నే పెట్టేది కూడా బలరాముడే! చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’లో మురిసి మురిసి చెప్పిన ఘట్టం ఇది. యతి ఎవరో కృష్ణుడికి తెలుసు, మనకు తెలుసు, అన్నగారికి తెలియదు. మాయా శశిరేఖ కిటుకు మళ్ళీ వచ్చింది, ఈసారి మంత్రం లేకుండా. మంత్రం తీసేసి నవ్వించడం ఇంకా కష్టమైన పని. అక్కినేని కళ్ళు మూసుకుని జపం చేస్తూ, కనురెప్ప కింద నుంచి ప్రేమించాడు. పెండ్యాల నాగేశ్వరరావు పాటలు ఆ తోటలో గాలిలా తిరిగాయి. సత్యభామ అలకను ఎస్. వరలక్ష్మి పోషించిన తీరు చూశాక ఆ పాత్రకు ఇంకొకరిని ఊహించలేం.

లోటు ఎక్కడుంది? పెండ్లి అయిపోగానే రహస్యం అయిపోయింది. గంధర్వుడు గయుడు వస్తాడు, వాణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేస్తాడు, అర్జునుడు అభయమిస్తాడు. అక్కడి నుంచి అది నాటకాల వాళ్ళ ‘గయోపాఖ్యానం’. పద్యాలు అద్భుతం, కానీ నవ్వు వెనక్కి తగ్గింది. ‘మాయాబజార్’లో చివరి నిమిషం దాకా రహస్యం నిలిచింది, ఘటోత్కచుడు తన రూపంతో నిలబడేదాకా మనం ఊపిరి బిగబట్టే ఉన్నాం. రెండోదానికి ఆ బిగువు లేదు, ఎస్వీ రంగారావూ లేడు. అయినా వలచినవాడు తోడబుట్టినవాడి మీదికి విల్లెత్తినప్పుడు సుభద్ర పడిన నలుగుబాటు చూడండి. ప్రేమకథకు పెండ్లి తర్వాతి భాగం అదే కదా! మొదటి సినిమా అంత దూరం పోలేదు.

రాయలసీమ అనగానే సుమోలు, వేటకొడవళ్ళు చూపించే సినిమావాళ్ళకు ఒక మాట. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు మా ధర్మవరం మనిషి. బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రాముడి కథ బరువెక్కినప్పుడల్లా కేతిగాడూ బంగారక్కా దూకి వచ్చి సరసమాడి, జనాన్ని నవ్వించి, మళ్ళీ కథలోకి దించిపోతారు. లక్ష్మణకుమారుణ్ణి చూసినప్పుడు నాకు కేతిగాడే గుర్తొస్తాడు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. కానీ రాత్రంతా బొమ్మలాడించిన చేతులు ఇప్పుడు పట్నం ఇళ్ళకు దీపపు తొడుగులు చేస్తున్నాయి. ఆట పిలిచేవాళ్ళు లేక!

ఇక సినిమాల్లో జరుగుతున్నది దోపిడీ. ‘మాయాబజార్’ పేరు 2006లో ఇంకో సినిమా పెట్టుకుంది, ‘శశిరేఖా పరిణయం’ 2009లో ఒకటి పెట్టుకుంది, ‘కృష్ణార్జున యుద్ధం’ 2018లో మరొకటి. 2002లో ‘మన్మథుడు’ ఎంత హాయిగా నవ్వించింది! ఆడవాళ్ళంటే పడని ఆ అభిరామ్‌కు వెనక ఒక గాయం ఉంది, అందుకే నవ్వు నిలిచింది. 2019లో ‘మన్మథుడు 2’ అన్నారు. అది ఒక ఫ్రెంచి సినిమాకు రీమేకు. పాత కథతో చుట్టరికం లేదు, పాత మనిషి లేడు, హీరో ఒక్కడే ఉన్నాడు. పేరుకు అంకె తగిలిస్తే కొనసాగింపు ఎట్లా అవుతుంది? జనం ఆ పేరు మీద పెట్టుకున్న ప్రేమను అమ్ముకోవడం అది. అరువు తీసుకున్నా గౌరవంగా తీర్చినవాడు జంధ్యాల ఒక్కడు. ‘మాయాబజార్’ పాట పల్లవిని పేరుగా పెట్టి 1987లో ‘అహ నా పెళ్ళంట’ తీశాడు, డబ్బు కోసం తప్పే సంబంధాన్నే కథగా తీసుకుని కోట శ్రీనివాసరావు పిసినారితనంతో కొత్తగా నవ్వించాడు. రేవతికి అసలైన వారసుడు ఆ పిసినారి.

జూలై 1 కె.వి. రెడ్డి పుట్టినరోజు. అనంతపురం, తాడిపత్రి ఫిలిం సొసైటీలకూ కాలేజీలకూ నా విన్నపం: ఆ రోజు ఈ రెండు సినిమాలూ పెద్ద తెర మీద వరసగా వేయండి. ముందు 1963ది, అంటే తండ్రి పెండ్లి. మధ్యలో నిమ్మలకుంట వాళ్ళను పిలిచి, వాళ్ళ కూలి వాళ్ళకిచ్చి, ఒక గంట కేతిగాణ్ణీ బంగారక్కనూ ఆడించండి. తర్వాత ‘మాయాబజార్’, రంగులద్దింది కాదు, బార్ట్లీ తీసిన నలుపు తెలుపుల్లోనే. స్క్రిప్టు రాసే కుర్రవాళ్ళకు ముందు వరస ఇవ్వండి.