ఎగరకుండా నిలబడడం

విశాఖ మధురవాడలో మా మేడ మీద నిలబడితే ఒకపక్క పోతినమల్లయ్యపాలెం క్రికెట్ స్టేడియం దీపస్తంభాలు, ఇంకోపక్క రుషికొండ ఐటీ మిట్టలు కనిపిస్తాయి. ఆదివారం సాయంత్రం కిందకి దిగి హాల్లోకి వస్తే, మా అక్క కొడుకు చేతిలో తన్నులు తింటూ నేను కనిపిస్తాను. తన్నులు టీవీ తెర మీదే లెండి. ఆట పేరు స్ట్రీట్ ఫైటర్ 6. వాడిది తొమ్మిదో తరగతి, నాది నలభై దాటిన వయసు. మొదటి ఆదివారం పది ఆటలాడితే పదీ వాడే గెలిచాడు. పదోది అయ్యాక ఆ గుంటడు కంట్రోలర్ సోఫా మీద పడేసి అడిగాడు: "ఏటి మావయ్యా, కప్పలాగ ఎగురుతూనే ఉంటావేటి? నేల మీద నిల్చోలేవా?"

నవ్వొచ్చింది, కాస్త పొడుచుకుంది కూడా. వాడన్నది నిజమే. మీద పడితే దెబ్బ తగులుతుందన్న ఆశతో నేను దూకుతున్నాను. దూకిన ప్రతిసారీ వాడు కిందనుంచి ఒక్క అప్పర్‌కట్ కొట్టి దించేస్తున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఆరు నెలలు ఆడాను. ఈ పోరాటపు ఆటల్లో ఎదుగుదల వేళ్ల వేగం వల్ల కన్నా నిలబడి చూసే ఓపిక వల్లే ఎక్కువ వస్తుందని అప్పటికిగాని తెలియలేదు. మన సాముగరిడీల్లో పెద్దలు చెప్పిన పాఠం కూడా అదే.

మా తరం ఈ ఆటల్ని తప్పుదారిన నేర్చుకుంది. తొంభైల్లో వీడియో గేమ్ షాపంటే ఒక చీకటి గది, నాలుగు పెట్టెలు, కాయిన్ పట్టుకుని వంతు కోసం చూసే పిల్లలు. 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అన్న పేరు మాలో ఎవరికీ తెలీదు, మాకది 'ముస్తఫా గేమ్'. స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ అరచేతుల్లోంచి నీలి మంట వదులుతూ అరిచే 'హడోకెన్' మా చెవులకి 'అడూగెన్'. కాయిన్ అయిపోయేలోపు వీలైనన్ని బటన్లు పిసకడమే మాకు తెలిసిన విద్య. గెలిస్తే మన గొప్ప, ఓడితే జాయ్‌స్టిక్ పాడైనట్టు లెక్క.

ఆ పెట్టెల్లో మేం చూడని లోతు ఉంది. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 తెచ్చాక, ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకరితో ఒకరు తలపడే ఈ తరహా ఆట ప్రపంచమంతా పాకింది. దెబ్బకి దెబ్బ గొలుసులా తగిలించే 'కాంబో' అందులో అనుకోకుండా పుట్టింది. ఆటలో తప్పులు వెతుకుతున్న నిర్మాత నొరిటాకా ఫునామిజు, ఒక దెబ్బ వెనకే ఇంకోటి అతుకుతోందని గమనించాడు. అంత కచ్చితమైన సమయానికి బటన్ నొక్కడం ఎవరివల్లా కాదులే అని దాన్ని అలాగే వదిలేశారు. ఆటగాళ్లు మాత్రం వదల్లేదు. ఇవాళ కాంబో లేని ఫైటింగ్ గేమ్ దొరకడం కష్టం.

అడుగు ముందు, దెబ్బ తర్వాత

మంచి కర్రసాము గురువు మొదటిరోజే కర్ర తిప్పనివ్వడు. కాలు ఎక్కడ పడాలి, ఎదుటివాడి కర్ర కొస ఎందాకా వస్తుంది, ఈ రెండూ ఒంటబట్టాకే చెయ్యి కదపనిస్తాడు. వీరఘట్టంలో పుట్టి మల్లవిద్యలో పేరు మోసిన కోడి రామ్మూర్తి నాయుడు తిరిగిన ఉత్తరాంధ్రకి ఇది కొత్త సంగతి కాదు. తెర మీదా అదే వరస. ప్రతి పాత్రకీ కాలు ఇంత పొడుగు, చెయ్యి ఇంత పొడుగు అని ఒక కొలత ఉంటుంది. ఎదుటివాడి కాలు కొసకి వెంట్రుకవాసి ఇవతల నిలబడడం మొదటి విద్య. వాడు తన్నుతాడు, తగలదు. ఆ కాలు వెనక్కి వెళ్లేలోపు మనం తన్నాలి. ఆటగాళ్లు దీన్ని 'ఫుట్సీస్' అంటారు.

ఎగరడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. గాల్లోకి లేచినవాడు కిందకి దిగడానికి అరసెకను పైనే పడుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో ఆ కాసేపూ వాడు దెబ్బ కాచుకోలేడు, చాలా పాత్రలకి దిగే చోటు మార్చుకోవడమూ కుదరదు. అంటే ఎక్కడికి వస్తున్నాడో ముందే చీటీ రాసిచ్చినట్టే. అప్పుడప్పుడూ, ఎదుటివాడు ఏదో దెబ్బ వేస్తూ ఇరుక్కున్నప్పుడు, ఎగిరితే లాభం ఉంటుంది. అలవాటుగా ఎగిరేవాడు మాత్రం నాలాగే పదికి పదీ ఓడతాడు.

కంటికి అందేది, అందనిది

ఈ ఆటల్లో సెకనుకి 60 ఫ్రేములు. ఒక ఫ్రేమ్ అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకీ మూడు దశలు: చెయ్యి లేవడం, తగలగలిగే క్షణం, వెనక్కి తీసుకోవడం. స్ట్రీట్ ఫైటర్ 6లో అతి చురుకైన గుద్దు నాలుగో ఫ్రేముకే తగులుతుంది. టెక్కెన్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్‌లో మామూలు జాబ్‌కి పది ఫ్రేములు. మనిషి కన్ను చూసి, మెదడు గుర్తించి, వేలు కదలడానికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు కావాలి. కాబట్టి ఇలాంటి గుద్దుల్ని చూసి ఆపడం ఎంతటివాడికైనా సాధ్యం కాదు.

మరి ఎలా ఆపుతున్నారు? జవాబు మా మేడ మీదనుంచి కనిపించే స్టేడియంలోనే ఉంది. 2005 ఏప్రిల్ 5న అక్కడే పాకిస్తాన్ మీద మహేంద్రసింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు కొట్టాడు. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ని చేరడానికి అరసెకను కూడా పట్టదు. అందుకే బ్యాట్స్‌మన్ బంతిని చూసి ఆడేది కొంతే. బౌలర్ పరుగు, మణికట్టు, అంతకుముందు వేసిన బంతులు చూసి మిగతాది ముందే కట్టుకుంటాడు. ఫైటింగ్ గేమ్ ఆడేవాడిదీ అదే పని.

మెరుగుపడాలనుకునేవాడు అందుకే మనసులో రెండు జాబితాలు రాసుకోవాలి. చూసి స్పందించగలిగేవి ఒకటి: గాల్లోకి లేచినవాడు, నెమ్మదిగా పైనుంచి దిగే దెబ్బ, మనం కాచుకున్నాక ఖాళీగా గాల్లో వేలాడే అప్పర్‌కట్. వీటికి తప్పక శిక్ష వెయ్యాలి, వెయ్యకపోతే అది మన బద్ధకమే. ముందే ఊహించాల్సినవి రెండోది. నేను మొదట్లో రెండో జాబితా వెంట పరిగెత్తి మొదటిదాన్ని గాలికొదిలేశాను. మా అల్లుడి అప్పర్‌కట్ తప్పిపోయి వాడు నిస్సహాయంగా కిందకి జారుతుంటే, నేనింకా భయంతో వెనక్కి నడుస్తూ ఉండేవాణ్ని.

ఎత్తుకి పైఎత్తు

దగ్గరికి వచ్చాక లెక్క మారుతుంది. దెబ్బని బ్లాక్ ఆపుతుంది. బ్లాక్ చేస్తూ కూర్చున్నవాణ్ని త్రో పట్టి పడేస్తుంది. పట్టుకోబోయేవాణ్ని దెబ్బ ముందే కొడుతుంది. మూడింట్లో ఏదీ గొప్పది కాదు, దేని కోరలు పీకేది దానికుంది. ఇక్కడ గెలిపించేది ఎదుటివాడి అలవాటు చదవడం. కిందపడి లేచిన ప్రతిసారీ మా వాడు గుద్దు విసురుతాడని నాలుగో వారానికి గమనించాను. ఐదో వారం వాడు లేస్తుంటే నేను ఊరికే బ్లాక్ పట్టుకుని కూర్చున్నాను. గుద్దు వచ్చింది, ఆగింది, తర్వాత వంతు నాది.

ఈ విద్యకి పరాకాష్ఠ 2004లో అమెరికాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేమ్ పోటీ. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్‌లో జపాన్‌కి చెందిన డైగో ఉమెహరా, అమెరికన్ జస్టిన్ వాంగ్ తలపడ్డారు. డైగో పాత్ర కెన్‌కి ప్రాణం కొసకి వచ్చింది. మామూలుగా బ్లాక్ చేసినా ఆ కాస్తా పోతుంది. వాంగ్ తన చున్‌లీ చేత పదిహేను తన్నుల సూపర్ దాడి వదిలాడు. డైగో ప్రతి తన్నుకీ సరిగ్గా అది తగిలే క్షణాన స్టిక్‌ని ఎదుటివాడి వైపే నొక్కి, పదిహేనింటినీ తిప్పికొట్టి, ఎదురుదాడితో ఆ పోరు గెలిచాడు. ఆ దాడి వస్తుందని ముందే కాచుకుని ఉండకపోతే అది జరిగేది కాదు. ఆ వీడియో చూసినవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ పోటీ ఫైనల్లో డైగో ఓడిపోయాడు.

ఒకసారికి ఒక్కటే

సాధన విషయంలో నేను చేసిన పెద్ద తప్పు అన్నీ ఒకేసారి నేర్చుకోబోవడం. వీడియోల్లో చూసిన పొడుగాటి కాంబోలు రాత్రి పన్నెండు దాకా నొక్కేవాణ్ని. అసలు ఆటలో మొదటి దెబ్బే తగలకపోతే కాంబో ఎక్కడ మొదలవుతుంది? ఇప్పుడు ఒకసారికి ఒక్క పనే పెట్టుకుంటాను. మొదటి మూడు వారాలూ ఎగిరినవాణ్ని దించడం ఒక్కటే. గెలుపోటములు లెక్కపెట్టలేదు, పదిసార్లు ఎగిరితే ఎన్నిసార్లు దించానన్నదే లెక్క.

ట్రైనింగ్ మోడ్‌లో బొమ్మకి మనమే కదలికలు నేర్పి ఆడించవచ్చు. ఒకసారి ఎగిరేలా, ఒకసారి ఊరికే నడిచేలా రెండూ రికార్డు చేసి, ఏది వస్తుందో తెలియకుండా కలిపి వదలాలి. ఎగిరేదొక్కటే పెడితే వేళ్లకి తాళం అలవాటవుతుంది, కంటికి చూపు అలవాటు కాదు. మన దెబ్బ తగిలిందా, ఆగిందా అని చూసుకుని తగిలితేనే కాంబో కొనసాగించడం కూడా ఇలాగే నేర్చుకోవాలి. స్ట్రీట్ ఫైటర్ 6 ప్రతి దెబ్బ ఫ్రేముల్నీ రంగు గీతలుగా తెర మీదే చూపిస్తుంది. మా కాయిన్ పెట్టెలకి ఆ దయ లేదు.

రీప్లే చూడడం ఇంకా చేదు మందు. గెలిచిన ఆటలు పక్కనపెట్టి ఓడినవే చూడాలి. ఎదుటివాడు ఎంత బాగా ఆడాడన్నది అప్పుడు అనవసరం, నేనెక్కడ ఒకే తప్పు మూడుసార్లు చేశానో చూడాలి. వరసగా ఓడి ఒళ్లు మండుతున్నప్పుడు 'ఇంకొక్కటి' అనుకోకుండా లేచి మంచినీళ్లు తాగడం కూడా సాధనలో భాగమే.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకి ఇంకో మాట. సిగ్నల్ వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు పడితే మూడు ఫ్రేములు దారిలోనే పోయినట్టు. ఈ లోటుని పూడ్చడానికి ఎదుటివాడు ఏం నొక్కుతాడో ముందే అంచనా వేసి, తప్పైతే వెనక్కి వెళ్లి సరిదిద్దుకునే 'రోల్‌బ్యాక్' పద్ధతి కనిపెట్టారు. అయినా ఒక గదిలోంచి ఇంకో గదికి వైఫై కునుకుతూ వస్తుంటే ఏ పద్ధతీ ఆదుకోలేదు. పది మీటర్ల కేబుల్ కొనండి.

పక్కన కూర్చునే మనిషి

ఇవన్నీ ఒంటరిగా చెయ్యొచ్చు. ఒంటరిగా ఎదగడమే కష్టం. లాహోర్ ఆటగాడు అర్సలాన్ ఆష్ 2019లో మొదట జపాన్‌లో, తర్వాత అమెరికాలో జరిగిన ఈవో టెక్కెన్ టైటిళ్లు రెండూ గెలిచేదాకా పాకిస్తాన్‌ని ఈ ఆటలో ఎవరూ పట్టించుకోలేదు. అతను లాహోర్ గేమ్ షాపుల్లో తనతో సమానమైన వాళ్లతో రోజూ తలపడి తయారైనవాడు. మనదేశం నుంచి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్ట్రీట్ ఫైటర్ 5 పోటీకి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్లారు. అక్కడ స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసు 44. వేళ్ల వేగమే అంతా అయితే ఆ పతకం ఏ ఇరవై ఏళ్ల కుర్రాడి మెడలోనో ఉండేది. మా వాడికి ఈ సంగతి నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ విననట్టు నటించాడు.

ఈ-స్పోర్ట్స్‌ని డబ్బు పెట్టి ఆడే ఆటల నుంచి విడదీసి 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మధురవాడ ఇళ్లల్లో 'చదువు మానేసి ఆ గుద్దులాటేటి?' అన్న మాట ఆగదు, ఆగనక్కర్లేదు కూడా. పరీక్షలప్పుడు మా అక్క కంట్రోలర్ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది, నేను వేలు పెట్టను. నాకు దక్కింది మాత్రం చెప్పగలను. ఓడిన వెంటనే కారణం ఎదుటివాడిలోనో జాయ్‌స్టిక్‌లోనో వెతికే పాత అలవాటు నాలో కొంత తగ్గింది.

మొన్న ఆదివారం మళ్లీ పది ఆటలాడాం. ఆరో ఆటలో నేను ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ వాడి కాలు కొసకి ఇవతలే నిలబడ్డాను. వాడు తన్నాడు, తగల్లేదు. మళ్లీ తన్నాడు, తగల్లేదు. చివరికి విసుగెత్తి ఎగిరాడు. అప్పర్‌కట్ కొట్టి దించాను. వాడు తెరవైపు చూస్తూ కాసేపు ఏమీ అనలేదు.

"ఏట్రా, ఎగిరావేటి?" అన్నాను.

"నువ్వు ఎగరట్లేదు కదా మావయ్యా, ఏటి చెయ్యను మరి!"

లెక్క వాడికి ఏడు, నాకు మూడు. వచ్చే ఆదివారం కోసం ఆ ఏడింటి రీప్లేలూ దాచుకున్నాను.