నారింజ మాత్రయు, నిత్యయౌవనమును

హైదరాబాదు నగరమున బోరబండ మొదలుకొని అమీరుపేట, పంజగుట్టల వరకు గల మందుల దుకాణములలో నేడొక సరకు తరచుగా కనబడుచున్నది. నారింజ రంగు డబ్బా, దానిపై కోసిన పండు బొమ్మ, లోపల నీటిలో వేయగానే పొంగి కరగు బిళ్ళలు. వీనిని వాడినచో చర్మము నిగనిగలాడుననియు, ముడతలు తగ్గుననియు, ముసలితనము దూరమగుననియు ప్రకటనలు చెప్పుచున్నవి. ఆ వీధులలోనే బండ్లపై బత్తాయిలు, జామకాయలు అమ్మకమునకు వచ్చును. వానికి ప్రకటనలు లేవు. నెలజీతముతో ఇల్లు గడుపుకొను కుటుంబమునకు నెల నెలా ఒక డబ్బా చిన్న ఖర్చు కాదు. కావున డబ్బాపై గల వాదము శాస్త్రపరీక్షకు నిలుచునా యను ప్రశ్న అడుగదగినదే.

ఈ వాదమునకు మూడు మెట్లు కలవు. విటమిను సి చర్మమునకు అవసరమనునది మొదటిది. ఆక్సీకరణము వలన ముసలితనము వచ్చును, దానిని అరికట్టు పదార్థములు నారింజజాతి పండ్లలో ఉన్నవనునది రెండవది. కనుక ఆ పదార్థములను మాత్రలుగా ఎంత ఎక్కువ తీసికొన్న అంత మేలనునది మూడవది. మొదటి మాట నిజము. రెండవది సగము నిజము. మూడవదానికి మాత్రము ఆధారము లేదు.

చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెను అను ప్రోటీను తయారగుటకు కొన్ని ఎంజైములు పనిచేయవలెను. ఆ ఎంజైములలోని ఇనుమును పనికివచ్చు స్థితిలో నిలుపునది విటమిను సి. అది లోపించినచో చిగుళ్ళు వాచి రక్తము కారును, గాయములు మానవు. ఇదియే స్కర్వీ వ్యాధి. 1747లో జేమ్స్ లిండ్ అను స్కాట్లండు నౌకావైద్యుడు ఈ వ్యాధిగ్రస్తులకు నారింజలు, నిమ్మపండ్లు తినిపించి గుణము కనుగొనెను. మేక తనకు కావలసిన విటమిను సి ని తన శరీరములోనే తయారు చేసికొనును. మానవునికి ఆ శక్తి లేదు. ఆహారము నుండియే పొందవలెను.

అయితే ఎంత కావలెను? కూనూరు నుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందిన పరిశోధనాలయము 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, రోజుకు పురుషునికి 80 మి.గ్రా., స్త్రీకి 65 మి.గ్రా. చాలును. నూరు గ్రాముల జామకాయలో సుమారు 200 మి.గ్రా. విటమిను సి ఉండును. బత్తాయిలో అంత లేదు, నూరు గ్రాములకు ఇంచుమించు 50 మి.గ్రా. మాత్రమే. అనగా డబ్బాపై బొమ్మగా వేయబడిన పండు కంటె, బొమ్మకు నోచుకొనని జామకాయయే ఈ విషయమున మిన్న. ఉసిరికాయ సంగతి చెప్పనక్కరలేదు.

ప్రమిదలో నూనె లేనిచో దీపము వెలుగదు. నిండిన పిమ్మట పోసిన నూనె వెలుగును పెంచదు, నేలపాలగును. శరీరము కూడ ఇట్లే ప్రవర్తించునని 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు చూపిరి. రోజుకు 200 మి.గ్రా. దాటిన తరువాత రక్తములో విటమిను సి మోతాదు అంతగా పెరుగదు. ఒక గ్రాముకు మించి మింగినచో సగమైన ఒంటబట్టదు. ఒంటబట్టిన దానిలోను మిగులు మూత్రముతో పోవును. డబ్బాకు చెల్లించిన ధరలో అధికభాగము పోవు మార్గమిదియే.

ఇక రెండవ మెట్టు. శరీరమున ఆక్సిజను వినియోగమగునపుడు జంట కుదరని ఎలక్ట్రాను గల అణుఖండములు పుట్టును. వీనిని ఫ్రీ రాడికల్సు అందురు. ఇవి కణములను దెబ్బతీయుటయే వార్ధక్యమునకు కారణమని 1956లో డెన్హామ్ హర్మన్ ప్రతిపాదించెను. ఆలోచన గొప్పదే. కాని ఇవి కేవలము శత్రువులు కావు. రక్తములోని తెల్లకణములు క్రిములను చంపుటకు వీనినే ఆయుధములుగా వాడును. వీనిని పూర్తిగా తుడిచివేయుట మేలని తలచుట పొరపాటు.

పరీక్షనాళికలో ఒక పదార్థము ఆక్సీకరణమును ఆపినంత మాత్రమున దేహములోను అట్లే చేయునని చెప్పరాదు. ఆహారపదార్థములకు ఇట్టి నాళికాశక్తిని లెక్కగట్టి అమెరికా వ్యవసాయశాఖ ఒక పట్టికను ప్రచురించినది. ఆ అంకెలు మానవుని ఆరోగ్యముపై ప్రభావమును తెలుపవనియు, అమ్మకందార్లు వానిని దుర్వినియోగము చేయుచున్నారనియు చెప్పి, 2012లో ఆ శాఖయే దానిని ఉపసంహరించుకొన్నది. నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థములకు 1936లో 'విటమిను పి' అను పేరు కూడ వచ్చినది. అవి విటమినులని రుజువు కానందున 1950లో ఆ పేరు విడిచిపెట్టవలెనని అమెరికా శాస్త్రసంఘములు సూచించినవి. వానిలో ఒకటియైన హెస్పెరిడిను నేడు డబ్బాలపై మరల దర్శనమిచ్చుచున్నది.

మూడవ మెట్టును తేల్చవలసినది మనుష్యులపై జరిగిన పరీక్షలే. క్యారెట్టులోని బీటా కెరోటిను కూడ ఆక్సీకరణ నిరోధకమే. పొగత్రాగు 29,133 మంది ఫిన్లాండు పురుషులపై జరిపిన పరీక్షలో, ఆ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతము పెరిగినదని 1994లో తేలినది. ఆస్ట్రేలియాలో 903 మందిపై నాలుగున్నర సంవత్సరములు జరిగిన మరొక పరీక్ష ఫలితములు 2013లో వెలువడినవి. అందు ప్రతిదినము ఎండ నుండి కాపాడు లేపనమును రాచుకొన్నవారి చర్మము, తోచినపుడు మాత్రమే రాచుకొన్నవారి చర్మము కంటె 24 శాతము తక్కువగా ముదిరినది. బీటా కెరోటిను మాత్రలు మింగినవారిలో మొత్తము మీద ప్రయోజనము కనబడలేదు.

ఇవి కెరోటినుపై జరిగిన పరీక్షలు కదా, విటమిను సి వేరు కదా అని ఎవరైన అడుగవచ్చును. ఆ అభ్యంతరము న్యాయమైనదే. ఈ పరీక్షలు విటమిను సి ని దోషిగా నిలుపవు. పండులో మేలుచేయు పదార్థము మాత్రలోను మేలే చేయునను ఊహను మాత్రము ఇవి కూలద్రోయుచున్నవి. డబ్బాల వాదమంతయు ఆ ఊహపైననే నిలిచియున్నది. పైగా విటమిను సి మాత్రలు వాడు పురుషులలో మూత్రపిండముల రాళ్ళు సుమారు రెండింతలుగా కనబడినవని 2013లో స్వీడను పరిశీలన ఒకటి తెలిపినది.

మాత్రలు ఎవరికిని వలదనుట కూడ శాస్త్రము కాదు. పండ్లు, కూరలు తినలేని రోగులకు వైద్యుడు వానిని వ్రాయును. కాని ప్రకటన వారి కొరకు వ్రాయబడలేదు. మాత్ర వలదని నిమ్మరసమును ముఖమునకు పూసికొని ఎండలోనికి పోవుట మరింత ప్రమాదము. నిమ్మతొక్కలోని కొన్ని పదార్థములు ఎండ తగిలినపుడు చర్మమును బొబ్బలెక్కించి నల్లని మచ్చలు మిగుల్చును.

ఆరోగ్య అనుబంధములపై '’ఔషధముగా వాడుటకు కాదు' అని ముద్రింపవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పినవి. విద్యార్థులు ఆ చిన్న అక్షరములను కూడ చదువవలెను. పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ మాత్రను ఎంతమందికి ఇచ్చి చూచిరి? ఇవ్వనివారితో పోల్చిరా? ఎంతకాలము, దేనిని కొలిచిరి?

ఉపాధ్యాయులు తరగతిలోనే ఒక ప్రయోగము చేయించవచ్చును. జామరసము, బత్తాయిరసము, మాత్ర కరగిన నీరు సమానముగా తీసికొని, ఒక్కొక్కదానిలో కొంచెము గంజి కలిపి, నీలిరంగు నిలుచువరకు అయొడిను ద్రావణమును బొట్లు బొట్లుగా వేసి లెక్కించవలెను. బొట్లు ఎక్కువ పట్టినచో విటమిను సి ఎక్కువ యున్నదని గ్రహింపవచ్చును. మాత్ర నీటికి అన్నిటికంటె ఎక్కువ బొట్లు పట్టవచ్చును. అప్పుడు, ఈ అంకె చర్మమును గురించి ఏమి చెప్పుచున్నదని ఉపాధ్యాయుడు అడుగవలెను. ఏమియు చెప్పుటలేదని విద్యార్థి గ్రహించినచో ప్రయోగము ఫలించినట్లే.