రెండో దెబ్బ

సాంబా అనగానే మనకు ఈకల కిరీటాలు, రియో కార్నివాల్ ఊరేగింపు గుర్తొస్తాయి. ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. రెండే దెబ్బల తాళం. మొదటి దెబ్బ మీద బరువు పడటం మన చెవికి అలవాటు. సాంబాలో బరువంతా రెండోదాని మీద. సుర్దో అనే పెద్ద డోలు అక్కడ దుమ్మంటుంది, ఒళ్లు ఊగేదీ అక్కడే. ఇంకో సుర్దో మొదటి దెబ్బ మీద జవాబిస్తే, మూడోది ఆ రెంటి మధ్య దూరి కోస్తుంది. పైన అరచేతంత టాంబోరిమ్. అది ఏ మాటా సూటిగా చెప్పదు! పాండేరో మన కంజీరకు చుట్టంలా ఉంటుంది. ఇక క్వీకా: చర్మం లోపలివైపు కట్టిన పుల్లను తడిగుడ్డతో రుద్దుతూ, పైన వేలితో నొక్కుతుంటే డోలు మనిషిలా మూలుగుతుంది, నవ్వుతుంది.

బయియా నుంచి రియో చేరిన నల్లజాతి కుటుంబాల ఇళ్లలో ఇది పెరిగింది. 1917లో ‘పెలో టెలిఫోని’ అనే పాట రికార్డుగా వచ్చింది. తర్వాత ఎస్తాసియో పేట కుర్రాళ్లు ఊరేగింపులో నడవడానికి వీలుగా నడక మార్చారు. వాళ్లలో బీడే వెన్న డబ్బాకు చర్మం బిగించి తొలి సుర్దో చేశాడంటారు.

వాద్యబృందం నాయకుణ్ణి అక్కడ మెస్త్రి అంటారు. మన తాపీమేస్త్రీలో ఉన్నదీ ఆ పోర్చుగీసు మాటే. మెస్త్రి ఆంద్రె 1959లో ఊరేగింపు మధ్యలో డోళ్లన్నీ ఆపించి, మళ్లీ ఒక్క పెట్టున ఎత్తించాడు. ఎంత గుండె కావాలి!

గాయకుడు జొవావ్ జిల్బెర్తో అయితే ఆ బృందాన్నంతా ఒక్క గిటారులోకి దించాడు. 1958 నాటి ‘షేగా జి సౌదాజి’ పాటలో బొటనవేలిది సుర్దో పని, మిగతా వేళ్లది టాంబోరిమ్ పని. బోసా నోవా అని కొత్త పేరు పెట్టి అమ్మారు గానీ, నన్నడిగితే అది సాంబాయే. 1970ల్లో రామోస్ పేటలో చింతచెట్టు కింద కూడిన ఫుందో జి కింతాల్ బృందం చేత్తో వాయించే తంతానును, బాంజోను సాంబాలోకి తెచ్చింది. గాయని బెత్ కర్వాల్యో 1978లో వాళ్లను స్టూడియోకి తీసుకెళ్లింది.

ఆ సొగసునే 1990ల్లో కీబోర్డు పాకంలో ముంచి ప్రేమపాటలుగా అమ్మేశారు. ఊరేగింపుల్లోనూ వేగం పెంచేశారు. రెండో దెబ్బకు ఊపిరి తీసుకునే చోటేదీ? ఇలాంటి వ్యాపారం పడకే పాటల రచయిత కాందేయా 1975లోనే వేరుపడి కిలొంబో అనే సాంబా బడి, అంటే ఊరేగింపు బృందం, పెట్టుకున్నాడు. నా పక్షపాతం మాంగేరా బడి మీద. అక్కడ జవాబిచ్చే సుర్దో ఉండదు. ఒకే దెబ్బ, తర్వాత ఖాళీ. ఆ ఖాళీని ఏ యంత్రం వాయిస్తుంది?

ఆ మాంగేరా కొండవాడ మనిషే పాటగాడు కార్టోలా. ఆయన మొదటి ఎల్పీ 1974లో, 65 ఏళ్ల వయసులో వచ్చింది. ముందు అది వినండి. ఈకల సంగతి తర్వాత చూసుకోవచ్చు.